క్రిస్మస్‌కి పెద్దకూర రోస్ట్: 23న కొని, 24న వండి, 25న వడ్డించే పద్ధతి

క్రిస్మస్ రోజు తెల్లారకుండా మాంసం కొట్టు దగ్గర లైన్లో నించుని, ఇంటికొచ్చి కడిగి, కుక్కర్లో పడేసి, అది ఉడికిందో లేదో చూసుకుంటూ ఆరాధనకి లేటైపోయి, ఒంటిగంటకి చుట్టాలొచ్చి కూర్చున్నాక కూడా ఇంకా విజిల్స్ లెక్కపెట్టుకోవడం చాలా ఇళ్లల్లో జరిగేదే. ఆ రోజు వంటింట్లో ఉన్న మనిషికి పండగే ఉండదు. మామూలు కూరైతే ఎలాగోలా నెట్టుకొచ్చేయొచ్చు గానీ పెద్ద ముక్కతో చేసే రోస్ట్ మాత్రం ఆ హడావిడిలో కుదరదు, దానికి టైం కావాలి, ఆ టైం 25న ఉండదు. అందుకే ఈ పద్ధతిలో అసలు వంటంతా 24 సాయంత్రానికే అయిపోతుంది, పండగ రోజు చర్చి నుంచి వచ్చాక ఒక అరగంట పని ఉంటుందంతే. పైగా ముందు రోజు వండి చల్లార్చిన రోస్టే రుచి ఎక్కువ, ముక్కలు కూడా విరిగిపోకుండా నీట్‌గా వస్తాయి. ఎందుకో కింద చెప్తాను.

ముందు మాంసం గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే యూట్యూబ్‌లో బీఫ్ రోస్ట్ అని కొడితే వచ్చే వీడియోలన్నీ వేరే దేశాలవి, అక్కడ లేత ఎద్దు మాంసం, ఓవెన్లో గంటో గంటన్నరో పెట్టి లోపల ఎర్రగా ఉండగానే తీసేస్తారు. మన దగ్గర ఆ లెక్క పనికిరాదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం ప్రకారం ఆవుని కొయ్యడం నిషేధం, గేదెలకైనా కొయ్యొచ్చు అని అధికారి సర్టిఫికెట్ ఉండాలి, కాబట్టి మనం పెద్దకూర అని తెచ్చుకునేది ఎక్కువగా గేదె మాంసమే. మన గోదావరి డెల్టాలో పాడి అంటే ఎక్కువగా గేదెలే కదా, పాలు ఎండిపోయి వయసైపోయిన గేదెలే కోతకి ఎక్కువ వస్తాయి. దాని మాంసం ముదురుగా ఉంటుంది, కొవ్వు తక్కువ, నరాలు ఎక్కువ. దాన్ని గంటలో దించేస్తే పళ్లు ఊడొస్తాయి తప్ప ముక్క ఊడదు. కానీ అదే మాంసానికి సన్న సెగ మీద గంటలు గంటలు టైం ఇస్తే వచ్చే రుచి లేత మాంసానికి రాదు, ఇది మాత్రం గట్టిగా చెప్తాను.

నర్సాపురం చుట్టుపక్కల కొన్ని సంఘాలు చాలా పాతవి, బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు 1836లో ఇంగ్లాండు నుంచి బయల్దేరి వచ్చి ఆ ప్రాంతంలో పని మొదలుపెట్టారు, అంటే దగ్గర దగ్గర రెండొందల ఏళ్ల మాట. పాలకొల్లు, రాజోలు, అమలాపురం ఎటెళ్లినా డిసెంబర్ వచ్చిందంటే ఇళ్ల మీద స్టార్లే. అలాంటి చోట పండగ భోజనం అంటే పదిమందికి తక్కువ ఉండదు కాబట్టి నేను లెక్కలన్నీ పదిమందికి చెప్తున్నాను, ఎముక లేకుండా 2 కిలోలు. ఉడికాక అది సుమారు కిలోంపావుకి వచ్చేస్తుంది, కంగారు పడకండి, నీరు, కొవ్వు దిగిపోయి అలా తగ్గడం మామూలే. పక్కన పలావు, గారెలు ఉంటాయి కాబట్టి సరిపోద్ది.

కొనడం

25న కాదు, 24న కూడా కాదు, 23న కొనండి. ఆ రోజుకి కొట్టు దగ్గర రద్దీ తక్కువ ఉంటుంది, మీకు కావలసిన చోటునుంచి కోసిచ్చే ఓపిక కొట్టతనికి ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది, అప్పుడే కోసిన మాంసం కొన్ని గంటలకి బిగుసుకుపోతుంది, ఆ బిగువు మీద వండితే ఇంకా గట్టిగా వస్తుంది. ఫ్రిజ్‌లో ఒక రోజు పైన ఉంటే ఆ బిగువు వదులుతుంది.

ఏ భాగం అంటే, జబ్బ. తొడ చూడ్డానికి బాగుంటుంది, ఎర్రగా, నున్నగా, పెద్ద ముక్క వస్తుంది, అందరూ దానికే ఎగబడతారు, కానీ రోస్ట్‌కి అది పొడిబారిపోతుంది. జబ్బలో కండ మధ్య సన్నగా కొవ్వు గీతలు, పొరలు ఉంటాయి, అవే సన్న సెగ మీద కరిగి ముక్కని జిగురుగా, మెత్తగా చేస్తాయి. జబ్బ దొరక్కపోతే మెడ దగ్గరది పర్లేదు. తొడ తప్ప ఇంకేం లేదంటే ఒక వంద గ్రాముల కొవ్వు విడిగా అడిగి తీసుకోండి, ముక్క పైన పరిచి వండొచ్చు.

కొట్టు దగ్గర నోరు తెరిచి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. మన దగ్గర కత్తి ఆనిందంటే చిన్న చిన్న ముక్కలు కొట్టేస్తారు, అది వాళ్ల అలవాటు, తప్పు పట్టలేం. అందుకని తూకం వెయ్యకముందే చెప్పాలి, "బాబాయ్, ముక్కలు కొట్టకు, జబ్బలోంచి కిలో ముక్క ఒకటి, ఇంకో కిలో ముక్క ఒకటి, రెండూ పొడుగ్గా ఉండేలా ఇయ్యి" అని. రెండు కిలోలు ఒకే ముక్క అడక్కండి, మన ఇళ్లల్లో ఉండే మూకుడులో పట్టదు, కుక్కర్లో పట్టదు, లోపలికి ఉడకడానికి కూడా రెట్టింపు టైం. మాంసం రంగు ముదురు ఎరుపు, కొవ్వు తెల్లగా ఉండాలి, గేదె కొవ్వు తెల్లగానే ఉంటుంది. వేలితో నొక్కితే తిరిగి పైకి రావాలి, చెయ్యి జిగటగా అయితే వద్దని చెప్పేయండి, మొహమాటం వద్దు.

23 రాత్రి: ఉప్పు పట్టించడం

చాలామంది వదిలేసే పని ఇదే. ముక్కల్ని ఒకసారి కడిగి (నీళ్లల్లో నానబెట్టకండి, రుచంతా నీళ్లల్లోకి పోతుంది) శుభ్రమైన పొడి గుడ్డతో బాగా ఒత్తి తడి తీసెయ్యండి. పైన తెల్లగా మెరుస్తూ పల్చటి పొర ఉంటే కత్తి మొన దూర్చి లాగేయండి, అది ఎంత ఉడికినా మెత్తబడదు. కొవ్వు మాత్రం అంతా తియ్యకండి.

ఉప్పు లెక్క: కిలోకి 15 గ్రాములు, అంటే 2 కిలోలకి 30 గ్రాములు. పొడి ఉప్పైతే పెద్ద చెంచాతో తలగొట్టి రెండు చెంచాలకి కొంచెం తక్కువ. కల్లుప్పైతే చెంచా లెక్క కుదరదు, తూచుకోండి లేదా దంచుకోండి. దాంతో పాటు కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు రెండు చిన్న చెంచాలు, పసుపు అర చెంచా. ఇవన్నీ ముక్కకి నాలుగు పక్కలా రుద్ది, మీద ఏం కప్పకుండా పళ్లెంలో పెట్టి ఫ్రిజ్ కింద అరలో పెట్టేయండి. మొదటి గంటలో ఉప్పు నీరు బయటికి లాగుతుంది, పళ్లెంలో కారినట్టు కనపడుతుంది, చెడిపోయిందేమో అనుకోకండి, తెల్లారేసరికి ఆ ఉప్పునీరు చాలావరకు మళ్లీ ముక్కే పీల్చుకుంటుంది, లోపలిదాకా రుచి పడుతుంది. మీద కప్పకపోవడం వల్ల పైభాగం ఆరి ఉంటుంది, అది మర్నాడు వేయించేటప్పుడు చాలా పనికొస్తుంది. ఫ్రిజ్‌లో కేకులు, పాలు పక్కనే ఉంటాయి కాబట్టి మాంసం ఎప్పుడూ అన్నిటికంటే కిందే ఉండాలి, నీరు కారినా వాటిమీద పడకూడదు.

పచ్చి బొప్పాయి రాయమని చాలామంది చెప్తారు. చిన్న ముక్కల కూరకి సరే గానీ కిలో ముక్కకి వద్దు. అది పైన కొద్దిగా మాత్రమే పని చేస్తుంది, లోపలికి పోదు, రాత్రంతా ఉంచితే పైభాగం పిండి పిండి అయిపోయి లోపల మాత్రం ఎలా ఉందో అలాగే ఉంటుంది.

24 మధ్యాహ్నం: వేయించడం

ముక్కలు ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టండి. ఈలోగా మసాలా చూసుకుందాం: ఉల్లిపాయలు అర కిలో సన్నగా పొడుగ్గా తరగాలి, అల్లం 50 గ్రాములు, వెల్లుల్లి 50 గ్రాములు ముద్ద నూరాలి, పచ్చిమిర్చి ఆరేడు చీల్చాలి, టమాటాలు మూడు. ధనియాలు రెండు పెద్ద చెంచాలు, జీలకర్ర ఒక చిన్న చెంచా, లవంగాలు ఆరు, యాలకులు నాలుగు, వేలెడంత దాల్చిన చెక్క, ఇవి పొడి మూకుడులో దోరగా వేయించి పొడి కొట్టాలి. ఎండుకారం ఒక చెంచా చాలు, ఘాటు మిరియాలదే ఉండాలి. కొబ్బరి, గసగసాలు ఇందులో వెయ్యకండి. కోనసీమలో ఉండి కొబ్బరి వద్దంటావా అని అడుగుతారేమో, కొబ్బరి పాలు పలావులోకి వెళ్తున్నాయి, రెండిట్లోనూ వేస్తే భోజనం మొత్తం బరువెక్కిపోయి పిల్లలు సగంలోనే లేచిపోతారు.

మందపాటి ఇనప మూకుడు పెట్టండి. నాన్‌స్టిక్ వద్దు, అంత వేడి దానికి పనికిరాదు. మూకుడు బాగా కాగాక నూనె నాలుగు పెద్ద చెంచాలు పొయ్యండి, నూనె మీద సన్నగా పొగ మొదలవుతుందనగా ఒకే ఒక్క ముక్క పెట్టండి. రెండూ ఒకేసారి పెట్టొద్దు. ముక్క మీద తడి ఉంటే ఇంకోసారి గుడ్డతో అద్ది పెట్టండి.

ఇక్కడ నుంచి చెవి పెట్టి వినండి. పెట్టగానే చుయ్యిమని గట్టి శబ్దం రావాలి, అది ఆగకుండా ఉండాలి. శబ్దం తగ్గి బుడబుడమని ఉడుకుతున్నట్టు వస్తుందంటే మూకుడు వేడి చాల్లేదు, ముక్క నీరు వదిలేస్తుంది, వేగట్లేదు, ఉడుకుతోంది. మంట పెంచండి. పెట్టిన ముక్కని నాలుగైదు నిమిషాలు కదపకండి, అస్సలు. మొదట మూకుడుకి అంటుకుంటుంది, అట్లకాడతో గీకాలనిపిస్తుంది, ఆగండి, కింద బాగా వేగి గట్టి పొర కట్టాక దానంతటదే వదిలేస్తుంది. తిప్పి చూస్తే ముదురు గోధుమ రంగులో, అంచుల దగ్గర కొంచెం నల్లబడుతూ, మిరియాలు అతుక్కుపోయి ఉండాలి. బూడిద రంగులో ఉంటే మళ్లీ వెనక్కి తిప్పేయండి. అలా నాలుగు పక్కలా, రెండు కొసలు కూడా. ఒక్కో ముక్కకి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. కిటికీలు తీసుకోండి, పొగ వస్తుంది. రోస్ట్ అనే రుచంతా ఈ వేపుడులోనే పుడుతుంది, తర్వాత ఎంత మసాలా వేసినా ఇది తెచ్చుకోలేం, అందుకే దీనికి ఫోన్ పక్కన పెట్టి నించోమంటున్నాను.

ముక్కలు తీసేసి అదే మూకుడులో, అదే నూనెలో ఉల్లిపాయలు వేసి మంట తగ్గించి ఎర్రగా వేయించండి, ఇరవై నిమిషాలు పడితే పట్టనివ్వండి. అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, రెండు రెమ్మల కరివేపాకు, పచ్చివాసన పోయాక టమాటా ముక్కలు, కారం, నూరిన పొడి. నూనె పైకి తేలాక అర లీటరు వేడి నీళ్లు పోసి మూకుడు అడుగున అంటుకున్న ముదురు గోధుమ రంగంతా గరిటతో గీకి కరిగించండి. అది మాడు కాదు, అసలు గ్రేవీ అదే. రెండు పెద్ద చెంచాల వెనిగర్ కూడా వెయ్యండి, లేకపోతే చిన్న నిమ్మకాయంత చింతపండు పులుసు. ఉప్పు ఇప్పుడు వెయ్యకండి, ముక్కలో ఉంది, అది గ్రేవీలోకి దిగుతుంది, చివర చూసుకోవచ్చు.

ఉడికించడం

కుక్కర్ అయితే 5 లీటర్లది కావాలి. ముక్కలు పెట్టి గ్రేవీ పోసి మూత పెట్టండి, మూడింట రెండొంతులు దాటి నింపొద్దు. మొదటి విజిల్ వచ్చాక మంట పూర్తిగా సన్నం చేసి 50 నిమిషాలు గడియారం చూసుకోండి. విజిల్స్ లెక్క వద్దు, ఒక్కో కుక్కర్ ఒక్కోలా కూస్తుంది, పైగా గంటసేపు పెద్దమంట మీద విజిల్స్ రానిస్తే నీళ్లైపోయి అడుగంటుతుంది. 50 నిమిషాలయ్యాక ఆపేసి ఆవిరి దానంతటది దిగే వరకూ మూత జోలికెళ్లకండి. గరిటతో వెయిట్ ఎత్తి బలవంతంగా ఆవిరి తీస్తే లోపల ఉడుకు ఒక్కసారిగా ఎగదన్ని ముక్కలో రసమంతా బయటికొచ్చేస్తుంది. మూత తీసి పొడుగాటి పుల్ల గానీ ఫోర్క్ గానీ మధ్యలో గుచ్చి చూడండి, అడ్డం లేకుండా దిగి, కొంచెం తిప్పితే పీచు విడాలి. లేదంటే మళ్లీ పావుగంట. ముసలి గేదెదైతే ఇంకో పావుగంట.

కట్టెల పొయ్యి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. మందపాటి గిన్నెలో గానీ మట్టి దాకలో గానీ ముక్కలు పెట్టి గ్రేవీ పోసి, సగం మునిగేదాకా వేడినీళ్లు చేర్చి, కొబ్బరి డొక్కలతో మంట మొదలుపెట్టి, ఉడుకు పట్టాక మంట తీసేసి నిప్పుల మీదే ఉంచండి. డొక్కలు భగ్గుమని మండి త్వరగా అయిపోతాయి, నిలిచే నిప్పు కావాలంటే కొబ్బరి చిప్పలు కాల్చాలి, వాటి బొగ్గు చాలాసేపు ఎర్రగా ఉంటుంది. మూత మీద కూడా నాలుగు నిప్పులు వేస్తే పైనించి కూడా సెగ తగిలి ముక్క పైభాగం ఎర్రగా వస్తుంది. మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది, అరగంటకోసారి ముక్కలు తిప్పాలి, నీళ్లు తగ్గితే వేడినీళ్లే పొయ్యాలి. గ్యాస్ మీద కూడా మందపాటి గిన్నెతో ఇలాగే చెయ్యొచ్చు. ఓటీజీ (చిన్న కరెంట్ ఓవెన్) ఉంటే లోతు పళ్లెంలో పెట్టి ఫాయిల్‌తో గట్టిగా మూసి 150 డిగ్రీల మీద మూడు, మూడున్నర గంటలు.

ఎక్కువమంది ఆశ వదిలేసుకునేది మధ్యలోనే. కుక్కర్లో అరగంటకో, పొయ్యి మీద గంటన్నరకో తీసి చూస్తే ముక్క ముడుచుకుపోయి, గట్టిగా, రబ్బరు సాగినట్టు ఉంటుంది. "మాంసం మంచిది కాదు, ఇంకా ఉడికిస్తే ఇంకా గట్టిపడిపోద్ది" అని ఎవరో ఒకరు అంటారు. నమ్మకండి. లోపలి వేడి 65 డిగ్రీలు అలా దాటేసరికి కండ బిగిసి నీరు వదిలేస్తుంది, ఆ గట్టిదనం అదే. నరాలు, పొరలు జిగురుగా కరగడం 70 దాటాకే మెల్లగా మొదలవుతుంది, అది గంటల పని. అంటే గట్టిగా ఉంది అంటే ఎక్కువ ఉడికిపోయిందని కాదు, ఇంకా ఉడకలేదని. మూత పెట్టేసి వదిలెయ్యండి. వంటకి వాడే థర్మామీటర్ ఉన్నవాళ్లకి 90 నుంచి 95 డిగ్రీల మధ్య చూపిస్తే దించొచ్చు. కుక్కర్లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టే అక్కడ గంటలో అయ్యేది మామూలు గిన్నెలో నాలుగు గంటలు.

24 రాత్రి: చల్లార్చడం

ఉడికిన ముక్కల్ని గ్రేవీతో సహా వెడల్పాటి స్టీలు గిన్నెలోకి మార్చండి. గ్రేవీలో ఉండగానే చల్లారితే ముక్క ఎండిపోకుండా ఉంటుంది. గిన్నెని చల్లటి నీళ్ల పళ్లెంలో పెడితే త్వరగా చల్లారుతుంది. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. డిసెంబర్ కదా, రాత్రి చలిగానే ఉంది కదా అని పొయ్యి గట్టు మీద వదిలేసి అర్ధరాత్రి ఆరాధనకి వెళ్లిపోకండి, మన డెల్టా చలి మాంసం నిలవుండేంత చలి కాదు. ఫ్రిజ్ కేకులతో నిండిపోయి ఉంటే కూల్‌డ్రింకులు బయట పెట్టి దీనికి చోటు చెయ్యండి. ఫ్రిజ్ లేని ఇల్లైతే ఈ రాత్రి పద్ధతి వద్దు, 23న కొనడం కూడా వద్దు, 25 తెల్లవారుజామునే కొని వెంటనే మొదలుపెట్టుకోండి.

25న చర్చి నుంచి వచ్చాక

గిన్నె తీసి చూస్తే గ్రేవీ జున్నులా గడ్డకట్టి, పైన కొవ్వు తెల్లగా పేరుకుని ఉంటుంది. ఆ గడ్డకట్టడమే మంచి గుర్తు, జబ్బలో ఉన్న జిగురంతా దిగిందని అర్థం. పైన కొవ్వు చెంచాతో తీసి పక్కన పెట్టుకోండి, రెండు చెంచాలు వాడతాం.

ముక్కలు బయటికి తీసి చల్లగా ఉండగానే కొయ్యండి. వేడి మీద కోస్తే పీచు పీచుగా విడిపోయి ముద్దైపోతుంది, చల్లగా ఉంటే కత్తి దిగినట్టల్లా నున్నటి పలకలు వస్తాయి. ముక్క మీద పీచు ఏ వైపుకి పరుచుకుందో ఒకసారి చూసి, దానికి అడ్డంగా, సెంటీమీటరుకి కొంచెం తక్కువ మందంలో కొయ్యండి. పీచు వెంబడి నిలువుగా కోస్తే ఎంత బాగా ఉడికిన ముక్కైనా నోట్లో తాళ్లు తగిలినట్టు ఉంటుంది, ముసలాళ్లు పక్కన పెట్టేస్తారు. జబ్బలో పీచు మధ్యలో దారి మారుతుంది, అక్కడ ముక్కని కూడా తిప్పి కొయ్యండి.

గ్రేవీ వేడి చేసి ఉల్లిపాయల్ని గరిటతో మెదపండి, పల్చగా ఉంటే మరిగించి చిక్కబెట్టండి, ఉప్పు ఇప్పుడు చూడండి. కోసిన పలకల్లో సగం గ్రేవీలో వేసి సన్న సెగ మీద పది నిమిషాలు, మధ్యదాకా పొగలు కక్కేంత వేడెక్కాలి, గోరువెచ్చగా దించెయ్యకండి. ఇది పెద్దవాళ్లకి, పిల్లలకి.

మిగతా సగం వేరే. ఇనప మూకుడులో పక్కన పెట్టిన కొవ్వు రెండు చెంచాలు కరిగించి, రెండు మూడు రెమ్మల కరివేపాకు, నాలుగు నిలువు పచ్చిమిర్చి, ఒక ఉల్లిపాయ వేసి, అవి చిటపటలాడాక పలకలు పరిచి, పైన రెండు గరిటల గ్రేవీ పోసి పెద్ద మంట పెట్టండి. గ్రేవీ ఇగిరి ముక్కకి పట్టేస్తుంది, అంచులు కరకరలాడతాయి. అప్పుడే దంచిన మిరియాలు చెంచా జల్లి, రెండుసార్లు ఎగరేసి దించెయ్యండి. ఎక్కువ కలిపితే విరిగిపోతాయి. కుర్రాళ్లు వంటింట్లోకి వచ్చి ఇక్కడే సగం తినేస్తారు, అందుకే ఒక్కసారిగా చెయ్యకుండా రెండు విడతలుగా వేయించుకోమంటాను, రెండోది బంతి సగంలో వేడివేడిగా వడ్డించొచ్చు.

పక్కన ఏం పెట్టాలి

గ్రేవీ ముక్కకి మినప గారెలే జోడీ, గారె విరిచి గ్రేవీలో ముంచుకుని తినడానికి మించింది లేదు. పిండి 25 పొద్దున్నే రుబ్బి పెట్టుకోండి, ఉప్పు మాత్రం గారెలు వేసే ముందే కలపండి, లేదంటే పిండి జారైపోద్ది. వేయించిన దానికి కొబ్బరిపాల పలావు. అందులో మసాలా తగ్గించండి, రెండు లవంగాలు, ఒక చెక్క, బిర్యానీ ఆకు అంతే, రోస్ట్ ఘాటుకి అది కమ్మగా ఉండాలి. పెరుగు పచ్చడి, చివర మిరియాల చారు.

పండగకి వచ్చేవాళ్లల్లో పెద్దకూర తినని వాళ్లు తప్పకుండా ఉంటారు, మన సంఘం వాళ్లల్లోనే చాలామంది తినరు. వాళ్లకి కోడి కూర వేరే గిన్నె, వేరే గరిట, వేయించిన నూనె కూడా వేరేది. గారెలు వేగిన నూనెలో ఏదీ కలపకండి. ఏ గిన్నెలో ఏముందో ముందే నోటితో చెప్పేయండి, అడిగి తెలుసుకునే ఇబ్బంది వాళ్లకి పెట్టకూడదు. పక్కింటి వాళ్లకి పంపే పళ్లెంలో కేకు, అరిసెలు, జంతికలే వెయ్యండి.

మిగిలితే

మిగిలింది ఆ రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేసి మూడు రోజుల్లోపు అవగొట్టండి. 26న దానికి ఒక్కటే దారి, గోంగూర. రెండు కట్టలు ఎర్ర గోంగూర నూనెలో మగ్గబెట్టి, మిగిలిన ముక్కల్ని చేత్తో పీచులుగా విడదీసి, ఉన్న గ్రేవీతో సహా అందులో వేసి దగ్గరపడేదాకా ఉంచండి. ఉప్పు వెయ్యకుండా ముందు రుచి చూడండి, గ్రేవీలో ఉన్నది సరిపోవచ్చు. వేడన్నంలో పచ్చి ఉల్లిపాయ పక్కన పెట్టుకుని తినాలి, అన్నం మాత్రం ఆ రోజు ఒక సోల ఎక్కువ పడెయ్యండి.